యూడెవ్ రివ్యూ: డిస్కుల దగ్గర భేష్, నెట్‌వర్క్ దగ్గర పర్వాలేదు, చవక యూఎస్‌బీ దగ్గర జాగ్రత్త

లినక్స్ డిస్కులకు పెట్టే ఎస్‌డీఏ (sda) అనే పేరు ఏ డిస్కుకూ సొంతం కాదు. ఈ బూట్‌లో ఏది ముందు బదులిస్తే దానికి ఆ పేరు పడుతుంది, అంతే. లినక్స్ మూలభాగమైన కెర్నల్ డిస్కుల్ని ఒకేసారి పక్కపక్కనే ప్రోబ్ చేస్తుంది (వెతికి పలకరిస్తుంది) కాబట్టి ఒక కంట్రోలర్ కాస్త నెమ్మదించినా వరస తారుమారవుతుంది. ఈటీహెచ్0 (నెట్‌వర్క్ కార్డు), టీటీవైయూఎస్‌బీ0 (యూఎస్‌బీ-సీరియల్ కేబుల్), వీడియో0 (కెమెరా), హెచ్‌డబ్ల్యూమాన్2 (సెన్సర్) అన్నిటిదీ ఇదే కథ. ఈ అంకెల్ని నమ్ముకుని రాసిన బ్యాకప్ స్క్రిప్ట్ ఏళ్ల తరబడి బుద్ధిగా నడుస్తుంది. ఆ తర్వాత ఒక కెర్నల్ అప్‌డేట్ వస్తుంది, స్క్రిప్ట్ వేరే డిస్కును తుడిచేస్తుంది.

ఈ చిక్కు తీర్చడానికి ఉన్నదే యూడెవ్. డివైస్ ఫైళ్లను చూసుకున్న పాత డెవ్‌ఎఫ్‌ఎస్ స్థానంలో 2003లో గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ దీన్ని తెచ్చారు. 2012లో, బూట్‌నూ సర్వీసులనూ నడిపే సిస్టమ్‌డీలో కలిసిపోయింది. కెర్నల్‌కు కొత్త డివైస్ కనబడగానే డెవ్‌టీఎంప్‌ఎఫ్‌ఎస్‌లో (అంటే /డెవ్ ఫోల్డర్‌లో) దానికి నోడ్ అనే ఫైల్ తయారుచేసి, నెట్‌లింక్ అనే సందేశాల దారి మీద ఒక యూఈవెంట్ (డివైస్ వచ్చిందన్న కబురు) పంపుతుంది. యూడెవ్ దాన్ని అందుకుని, కెర్నల్ డివైస్‌ల వివరాలు చూపించే సిస్‌ఎఫ్‌ఎస్‌ను చదివి, రూల్స్‌తో పోల్చి, అనుమతులు సరిచేసి, మారని పేరుతో ఒక సిమ్‌లింక్ (అసలు ఫైల్‌కు దారి చూపే మారుపేరు) పెడుతుంది. మనం వాడాల్సింది ఆ లింకునే.

తీర్పు ముందే చెప్పుకుందాం: సాధనం గట్టిది, కానీ అది దేన్నీ తనంతట తాను గుర్తుపట్టదు. డివైస్ తన గురించి ఏం చెప్పుకుంటే దాన్నే రాసుకుంటుంది. డివైస్ అబద్ధం చెబితే యూడెవ్ కూడా అదే చెబుతుంది. కాబట్టి ఈ రివ్యూలో ఎక్కువ భాగం ఏ డివైస్ ఏ విషయంలో నిజం చెబుతుంది అన్నదాని గురించే.

డివైస్‌ను పట్టుకోవడానికి నాలుగు ఆనవాళ్లున్నాయి. అది ఏ రకం: వెండర్ ఐడీ, ప్రొడక్ట్ ఐడీ. అది ఏ ఒక్కటి: సీరియల్ నంబర్, డబ్ల్యూడబ్ల్యూఎన్ (డిస్కుకు ఇచ్చే ప్రపంచవ్యాప్త నంబర్), మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు నంబర్). అది ఎక్కడుంది: పీసీఐ చిరునామా (మెషిన్ లోపల కార్డు తగిలిన చోటు), యూఎస్‌బీ పోర్టు. దాని మీద ఏం రాసి ఉంది: ఫైల్‌సిస్టమ్ యూయూఐడీ (ఫార్మాట్ చేసినప్పుడు పడే గుర్తింపు సంఖ్య), లేబుల్. మొదటిది డ్రైవర్‌ను ఎంచుకోవడానికి సరిపోతుంది, రెండు ఒకే మోడల్ డివైస్‌లను విడదీయడానికి పనికిరాదు. మిగిలిన మూడింట్లో ఏది కావాలో తేల్చుకోకుండా రూల్ రాయడం మొదలుపెడితే పప్పులో కాలేసినట్టే.

డిస్కుల దగ్గర యూడెవ్ పనితనం నిజంగా మెచ్చుకోదగ్గది. /డెవ్/డిస్క్ కింద బై-ఐడీ, బై-పాత్, బై-యూయూఐడీ, బై-లేబుల్, బై-పార్ట్‌యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు సంఖ్య) ఫోల్డర్లు ఏ సెట్టింగూ లేకుండానే వచ్చేస్తాయి. సాటా డిస్కుకు బై-ఐడీలో రెండు లింకులుంటాయి: ఒకటి ఏటీఏ- తర్వాత మోడల్, సీరియల్ కలిపినది, రెండోది డబ్ల్యూడబ్ల్యూఎన్-తో మొదలయ్యేది. రెండూ ఫ్యాక్టరీలో ఎక్కించినవే. చాలా డిస్కుల్ని కలిపి కట్టిన పూల్‌లో ఒక డిస్కు పోయినప్పుడు ఏది పీకాలో తెలియాలంటే మొదటిదే మేలు. ఆ సీరియల్ డిస్కు మీది స్టిక్కర్‌పైనా అచ్చయి ఉంటుంది, డబ్ల్యూడబ్ల్యూఎన్‌తో పోల్చి చూసే ఓపిక ఎవరికీ ఉండదు. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ పూల్‌ను ఎస్‌డీబీ, ఎస్‌డీసీ పేర్లతో కట్టేసి ఉంటే కంగారు లేదు. ఎక్స్‌పోర్ట్ చేసి, జెడ్‌పూల్ ఇంపోర్ట్‌కు -డి తో బై-ఐడీ ఫోల్డర్‌ను చూపిస్తే పేర్లు మారిపోతాయి, డేటా జోలికి పోదు.

ఏది ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో మాత్రం బై-ఐడీ కన్నా యూయూఐడీ నయం. అక్కడ మనకు కావాల్సింది ఫైల్‌సిస్టమ్, అది ఏ డిస్కు మీదున్నా ఒకటే. యూఎస్‌బీ పెట్టెలోంచి తీసి సాటా కేబుల్‌కు తగిలిస్తే బై-ఐడీ పేరు యూఎస్‌బీ- నుంచి ఏటీఏ-కి మారుతుంది, యూయూఐడీ మారదు. ఎప్పుడూ ఉండని డిస్కుకు నోఫెయిల్ ఆప్షన్ తగిలించడం మరవొద్దు. లేకపోతే సిస్టమ్‌డీ మామూలుగా 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి దిగుతుంది, పక్కన మనిషి లేని సర్వర్ అయితే ఇక దాని సంగతి చెప్పనక్కర్లేదు.

యూయూఐడీకి ఉన్న పెద్ద బలహీనత క్లోనింగ్. డీడీ కమాండ్‌తో డిస్కును మొత్తం కాపీ చేస్తే యూయూఐడీ, లేబుల్, పార్ట్‌యూయూఐడీ అన్నీ కాపీ అవుతాయి. రెండు డిస్కులూ తగిలించి ఉంచి బూట్ చేస్తే బై-యూయూఐడీలో ఉండే లింకు ఒకటే. ఒకే లింకును ఇద్దరు కోరితే యూడెవ్ లింక్ ప్రయారిటీ ఎక్కువున్నదానికి ఇస్తుంది. ప్రయారిటీ సమానమైతే ఎవరికి దక్కుతుందో హామీ లేదు, గట్టిగా ఒక హెచ్చరికా రాదు. కొత్త డిస్కు నుంచి బూట్ అయ్యామనుకుంటూ పాతదాని మీద వారాల తరబడి రాసుకుంటూ పోయే ప్రమాదం ఇక్కడే ఉంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ నయం, రెండో కాపీని మౌంట్ చేయనని మొండికేస్తుంది. ఈఎక్స్‌టీ4కు ఆ పట్టింపు లేదు. క్లోన్ అయిన వెంటనే, ఒకదాన్ని విప్పకముందే, కొత్త కాపీకి ఐడీ మార్చేయండి: ఈఎక్స్‌టీ4కు ట్యూన్2ఎఫ్‌ఎస్ -యూ ర్యాండమ్, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు ఎక్స్‌ఎఫ్‌ఎస్_అడ్మిన్ -యూ జనరేట్, జీపీటీ పార్టిషన్ టేబుల్‌కు ఎస్‌జీడిస్క్ -జీ (ఈ మూడింట్లోనూ -U, -G పెద్ద అక్షరాలు). ఇవి మార్చాక ఆ కాపీలోని ఎఫ్‌స్టాబ్, బూట్‌లోడర్ కూడా సరిచేయాలి.

ఇక ఫ్యాట్ ఫైల్‌సిస్టమ్‌కు యూయూఐడీ అని చూపించేది నిజానికి 32 బిట్ల వాల్యూమ్ సీరియల్. నాలుగు, నాలుగు అక్షరాలుగా కనిపించేది అదే. ఇంటి వాడకానికి చాలు. ఒకే ఇమేజ్‌తో వందల కార్డులు రాసే చోట అన్నిటికీ అదే ఉంటుంది.

రూట్ పార్టిషన్ దగ్గర చాలామంది తడబడే విషయం ఒకటుంది. కెర్నల్ కమాండ్ లైన్‌లో రూట్=యూయూఐడీ అని రాస్తే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో మెమరీలో నడిచే చిన్న ఫైల్‌సిస్టమ్) ఉండి తీరాలి, ఎందుకంటే ఫైల్‌సిస్టమ్ వివరాలుండే సూపర్‌బ్లాక్ తెరిచి యూయూఐడీ చదివే పని కెర్నల్ చేయదు, యూజర్‌స్పేస్ (కెర్నల్ బయటి ప్రోగ్రాములు) చేస్తుంది. రూట్=పార్ట్‌యూయూఐడీ అయితే కెర్నల్‌కే అర్థమవుతుంది, అది పార్టిషన్ టేబుల్‌లోనే ఉంటుంది కనుక. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ లేని చిన్న బోర్డుల్లో అందుకే పార్ట్‌యూయూఐడీ వాడతారు. పాత ఎంబీఆర్ టేబుల్ అయినా పనిచేస్తుంది: 32 బిట్ల డిస్క్ సిగ్నేచర్, ఒక గీత, పార్టిషన్ నంబర్, ఉదాహరణకు చివర -02. అదే బోర్డుల్లో ఈఎంఎంసీ (బోర్డు మీది స్టోరేజ్ చిప్) ఒకసారి ఎంఎంసీబీఎల్‌కే0గా, మరోసారి ఎంఎంసీబీఎల్‌కే1గా రావడం మామూలే. బోర్డులో ఏ హార్డ్‌వేర్ ఉందో చెప్పే డివైస్ ట్రీలో ఎంఎంసీ అలియాస్‌లు రాస్తే కొత్త కెర్నల్స్ ఆ అంకెను పట్టించుకుంటాయి.

పీసీఐకి తగిలే ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ డ్రైవ్‌లది ఇంకో తిరకాసు. ఎన్‌వీఎంఈ0ఎన్1లోని 0, కంట్రోలర్ ఎన్‌వీఎంఈ0లోని 0 ఒకటేనని అనుకోవడం సహజం. మల్టీపాత్ (ఒకే డ్రైవ్‌కు పలు దారులు) ఆన్‌లో ఉన్న కెర్నల్‌లో ఆ రెండూ ఒకటే కావాలని లేదు. స్మార్ట్ (డ్రైవ్ ఆరోగ్యం) వివరాలు ఒక డ్రైవ్‌వి చూసి పీకేది ఇంకో డ్రైవ్‌ను కాకుండా సీరియల్ సరిచూసుకోవాలి. పైగా కొన్ని చవక డ్రైవ్‌లు నేమ్‌స్పేస్ ఐడీని (లోపలి స్టోరేజ్ భాగం గుర్తింపును) అన్ని పీసుల్లోనూ ఒకటే రాసి పంపుతాయి. అలాంటివి రెండు ఒకే మెషిన్‌లో పెడితే కెర్నల్ లాగ్‌లో గ్లోబల్లీ డూప్లికేట్ ఐడీస్ అన్న లైన్ వస్తుంది. కొన్ని పాత కెర్నల్స్‌లో రెండో డ్రైవ్ కనిపించకుండా పోయేది, కొత్తవి మామూలు డ్రైవ్ అయితే హెచ్చరించి రానిస్తాయి. ఇక్కడ తప్పు యూడెవ్‌ది కాదు. పాత కెర్నల్ అయితే ఆ మోడల్‌ను ఐడీ నమ్మదగని డ్రైవ్‌ల జాబితాలో చేర్చిన కెర్నల్ దాకా ఆగాలి, లేదా ఫర్మ్‌వేర్ అప్‌డేట్ దొరుకుతుందేమో చూడాలి.

వర్చువల్ మెషిన్‌లో బై-ఐడీ ఖాళీగా కనిపిస్తే గాబరా పడొద్దు. విర్ట్‌ఐఓ బ్లాక్ అనే వర్చువల్ డిస్కుకు సీరియల్ మనం ఇస్తేనే ఉంటుంది, 20 బైట్లకు మించి పట్టదు. వర్చువల్ మెషిన్లు నడిపే క్యూఈఎంయూలో డిస్కు చేర్చేటప్పుడే సీరియల్ పెట్టేస్తే లోపల విర్ట్‌ఐఓ- పేరుతో లింకు వస్తుంది. పొడవాటి యూయూఐడీని అక్కడ పెడితే తోక తెగిపోతుంది, అది చూసుకోవాలి.

చవక యూఎస్‌బీ-సీరియల్ కేబుళ్ల దగ్గరికొస్తే యూడెవ్ చేతులెత్తేస్తుంది. ఎత్తేయక చేసేదీ లేదు. ఎఫ్‌టీడీఐ వారి ఎఫ్‌టీ232ఆర్ చిప్‌కు ఫ్యాక్టరీలోనే విడి సీరియల్ ఉంటుంది, ఐడీ 0403:6001. /డెవ్/సీరియల్/బై-ఐడీ కింద దాని పేరు ఏ పోర్టులో పెట్టినా మారదు. సీపీ2102, ఐడీ 10సీ4:ఈఏ60, చాలా బోర్డుల మీద సీరియల్ 0001తోనే వస్తుంది. రెండు బోర్డులు తగిలిస్తే బై-ఐడీలో లింకు ఒకటే కనబడుతుంది, అది ఏ బోర్డుదో దైవాధీనం. సీహెచ్340, ఐడీ 1ఏ86:7523, అసలు సీరియలే ఇవ్వదు. దాని లింకు పేరు యూఎస్‌బీ-1ఏ86_యూఎస్‌బీ_సీరియల్ లాంటిదేదో ఉంటుంది, ప్రపంచంలోని ఆ రకం చిప్‌లన్నిటికీ ఉమ్మడి పేరు. బై-ఐడీ అన్న ఫోల్డర్‌లో ఉంది కదా, ఇక దిగుల్లేదనుకునేవాళ్లను ముంచేది ఇదే. అలాంటి చోట యూడెవ్ ఆ లింకు పెట్టకుండా ఊరుకుంటే ఇంకా బాగుండేది. ఈ సాధనం మీద ప్రధానమైన ఫిర్యాదు ఇదే.

మందు మూడు రకాలు. ఒకటి కన్నా ఎక్కువ కేబుళ్లు కావాలంటే సీరియల్ ఉన్న చిప్ కొనడం ఉత్తమం. సీపీ2102 అయితే చిప్ తయారీదారు ఇచ్చే సాఫ్ట్‌వేర్‌తో సీరియల్ తిరగరాయొచ్చు. అదీ కుదరకపోతే బై-పాత్ వాడి, ఏ కేబుల్ ఏ సాకెట్‌దో సాకెట్ మీదే పేరు అంటించడం. మూడో దారిలో కేబుల్ కాక సాకెట్ గుర్తింపు పొందుతుంది, ఎవరైనా వైర్లు మార్చి గుచ్చితే యూడెవ్‌కు తెలిసే మార్గం లేదు. 3డీ ప్రింటర్లు నడిపేచోట ఒకదానికి పంపిన ఫైలు ఇంకోదానికి పోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

సొంత రూల్ రాసేటప్పుడు ఎక్కువమంది పడే గోతి ఏటీటీఆర్‌ఎస్ (ATTRS) అనే కీ దగ్గరుంది. చివర ఎస్ ఉన్న కీలు డివైస్ తల్లిదండ్రుల వరసలో పైకి వెతుకుతాయి. కానీ ఒక రూల్‌లో ఎన్ని ఎస్ కీలున్నా అవన్నీ ఒకే తల్లి డివైస్‌కు సరిపోవాలి. నాలుగు పోర్టుల ఎఫ్‌టీ4232హెచ్ చిప్‌లో మూడో పోర్టుకు పేరు పెట్టాలని వెండర్ ఐడీని, ఇంటర్‌ఫేస్ నంబర్‌ను ఒకే రూల్‌లో రాస్తారు. వెండర్ ఐడీ యూఎస్‌బీ డివైస్ మీద ఉంటుంది, ఇంటర్‌ఫేస్ నంబర్ దాని కింది ఇంటర్‌ఫేస్ మీద ఉంటుంది. రూల్ చూడ్డానికి చక్కగా ఉంటుంది, ఎప్పటికీ పనిచేయదు, తప్పు చూపించదు. ఇంటర్‌ఫేస్ నంబర్‌కు ఏటీటీఆర్‌ఎస్ మానేసి, యూడెవ్ తానే నింపే ఈఎన్‌వీ విలువ ఐడీ_యూఎస్‌బీ_ఇంటర్‌ఫేస్_నమ్ వాడితే తీరిపోతుంది. రూల్ ఫైళ్లు పేరు ముందున్న అంకెల వరసలో నడుస్తాయి, ఆ విలువ 60 నంబర్ ఫైల్‌లో నిండుతుంది కాబట్టి మన రూల్ ఫైల్ పేరు 60 తర్వాతి అంకెతో మొదలవ్వాలి, 99 క్షేమం. అయితే ఆ డివైస్‌ను లాగిన్ అయిన యూజర్‌కు తెరిచే యూయాక్సెస్ ట్యాగ్ వాడేట్టయితే 73 కన్నా ముందే ఉండాలి. 99లో పెట్టిన యూయాక్సెస్ పనిచేయట్లేదని తలబాదుకునేవాళ్లు తక్కువేం కాదు.

సీరియల్ మీద రూల్ రాసేటప్పుడు ఇంకొకటి: యూఎస్‌బీ కంట్రోలర్ లోపలి రూట్ హబ్‌కు కూడా సీరియల్ అనే అట్రిబ్యూట్ ఉంటుంది, అందులో ఉండేది కంట్రోలర్ పీసీఐ చిరునామా, 0000:00:14.0 లాంటిది. సీరియల్ లేని కేబుల్‌కు యూడెవ్‌ఏడీఎం (యూడెవ్ కమాండ్) చూపించే జాబితాలో కిందికి పోయి, అక్కడ కనబడ్డ ఈ విలువను కాపీ చేసి రూల్‌లో పెడితే ఆ కంట్రోలర్ కింద తగిలించిన ప్రతిదీ దానికి సరిపోతుంది.

రూల్‌లో రెండు సమానాలు (==) పోలికకు, ఒక సమానం (=) కేటాయింపుకు. సబ్‌సిస్టమ్ దగ్గర ఒకటి తగ్గితే రూల్ దెబ్బతింటుంది. కొత్త వెర్షన్లలో యూడెవ్‌ఏడీఎం వెరిఫై ఉంది, ఇలాంటివి పట్టేస్తుంది. అలాగే బ్లాక్, టీటీవై డివైస్‌ల అసలు పేరు మార్చడం కుదరదు, సిమ్‌లింక్ చేర్చడమే. అసలు పేరే మార్చగలిగేది నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ ఒక్కదానికే.

రూల్ పరీక్షించే పనిముట్లకు పూర్తి మార్కులివ్వొచ్చు. యూడెవ్‌ఏడీఎం ఇన్ఫో -ఏ డివైస్ వంశవృక్షం మొత్తాన్ని అట్రిబ్యూట్లతో సహా చూపిస్తుంది. యూడెవ్‌ఏడీఎం టెస్ట్ ఏ ఫైల్‌లో ఏ లైన్ సరిపోయిందో చెబుతుంది, రూల్‌లోని రన్ కమాండ్లను మాత్రం నడపదు. మానిటర్ వచ్చే ఈవెంట్లను ప్రత్యక్షంగా చూపిస్తుంది. రూల్ మార్చాక కంట్రోల్ --రీలోడ్, తర్వాత ట్రిగ్గర్. ట్రిగ్గర్ మామూలుగా చేంజ్ ఈవెంట్ పంపుతుంది, మన రూల్‌లో యాక్షన్ యాడ్ అని ఉంటే ఉలకదు పలకదు. --యాక్షన్=యాడ్ చేర్చాలి, లేదా కేబుల్ పీకి గుచ్చాలి.

రూల్‌లోని రన్ కీతో బ్యాకప్ స్క్రిప్ట్ నడపాలన్న ఆలోచన మానుకోండి. ఈవెంట్ పని అయిపోయాక మిగిలిన ప్రాసెస్‌లను యూడెవ్ చంపేస్తుంది. దాని సర్వీస్‌కు సొంత మౌంట్ నేమ్‌స్పేస్ (విడి మౌంట్ల లోకం) ఉంటుంది కాబట్టి అక్కడ చేసిన మౌంట్ బయటికి కనబడదు, నెట్‌వర్క్ కూడా మూసి ఉంటుంది. రూల్‌లో సిస్టమ్‌డీ ట్యాగ్ పెట్టి, సిస్టమ్‌డీ_వాంట్స్‌లో ఒక సర్వీస్ పేరు ఇస్తే పని పద్ధతిగా జరుగుతుంది.

నెట్‌వర్క్ పేర్ల సంగతి సగం సగం. సిస్టమ్‌డీ 197, అంటే 2013 జనవరి నుంచి ఈటీహెచ్0 బదులు ఈఎన్‌ఓ1, ఈఎన్‌ఎస్1, ఈఎన్‌పీ3ఎస్0 లాంటి పేర్లు వస్తున్నాయి. ఓ అంటే ఫర్మ్‌వేర్ చెప్పిన ఆన్‌బోర్డ్ నంబర్, ఎస్ స్లాట్, పీ పీసీఐ బస్, ఎక్స్ మ్యాక్ అడ్రస్. వీటిని ఊహించదగిన పేర్లు అన్నారు, కానీ ఈఎన్‌పీ3ఎస్0లోని 3 బస్ నంబర్, దాన్ని బూట్‌లో పీసీఐ బ్రిడ్జ్‌లను లెక్కపెడుతూ ఇస్తారు. వీధిలో కొత్త ఇల్లు లేస్తే తర్వాతి ఇళ్ల నంబర్లన్నీ జరిగినట్టు, ఒక ఎన్‌వీఎంఈ డ్రైవో గ్రాఫిక్స్ కార్డో చేర్చగానే ఆ 3 కాస్తా 4 అవుతుంది. నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ ఈఎన్‌పీ3ఎస్0 కోసం చూస్తూ కూర్చుంటుంది, సర్వర్ దూరంగా ఉంటే మనం కన్సోల్ కోసం పరుగెత్తాలి. కార్డు చేర్చే ముందే పేరు బిగించుకోవడం తెలివైన పని.

బిగించే విధానం సులువు. /ఈటీసీ/సిస్టమ్‌డీ/నెట్‌వర్క్ కింద 10-ల్యాన్.లింక్ అనే ఫైల్, మ్యాచ్ విభాగంలో పర్మనెంట్‌మ్యాక్‌అడ్రస్, లింక్ విభాగంలో నేమ్=ల్యాన్0. ఉత్త మ్యాక్‌అడ్రస్ వాడితే ఆ కార్డు మీద కట్టిన వర్చువల్ ఇంటర్‌ఫేస్‌లు (వీల్యాన్, నెట్‌వర్క్ బ్రిడ్జ్) కూడా అదే మ్యాక్‌తో వచ్చి ఆ రూల్‌కే తగులుతాయి. పేరు 15 అక్షరాలు దాటకూడదు. ఈటీహెచ్0 అని పెట్టొద్దు, అదే సమయంలో కెర్నల్ ఆ పేరును ఇంకో కార్డుకు ఇస్తుంటే రెండూ ఢీకొంటాయి. సరిపోయిన మొదటి .లింక్ ఫైల్ ఒక్కటే అమలవుతుంది, 99-డిఫాల్ట్‌లోని సెట్టింగ్‌లు వాటంతట అవి కలవవు. చివరిగా ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ మళ్లీ తయారుచేయాలి, డ్రాకట్ -ఎఫ్ లేదా అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ -యూ. ఈ ఫైళ్ల పాత కాపీ దాని లోపల ఉండిపోతే బూట్ మొదట్లోనే పాత పేరు పడిపోతుంది. ఫైల్ సరిగ్గానే ఉన్నా రీబూట్ తర్వాత పేరు మారలేదంటే అనుమానించాల్సింది ముందు దీన్నే.

మ్యాక్‌నూ గుడ్డిగా నమ్మలేం. సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఆ ఇంటర్‌ఫేస్ కింద యాడర్_అసైన్_టైప్ చూడండి: 0 అయితే శాశ్వతం, 1 అయితే డ్రైవర్ అప్పటికప్పుడు కల్పించినది, 3 అయితే ఎవరో మార్చినది. 1 కనబడితే .లింక్‌లో మ్యాక్ వదిలేసి పాత్ వాడాలి. ఎత్‌టూల్ -పీ (పెద్ద అక్షరం -P) అసలు అడ్రస్‌ను చూపిస్తుంది.

సిస్టమ్‌డీ వెర్షన్ మారినప్పుడు పేరు పెట్టే పద్ధతీ మారుతూ వచ్చింది. దాన్ని ఆపాలంటే కమాండ్ లైన్‌లో నెట్.నేమింగ్-స్కీమ్=వీ252 అన్నట్టు ఒక వెర్షన్‌కు కట్టేయొచ్చు.

మిగతా సిస్టమ్‌లతో పోలిస్తే? ఓపెన్‌బీఎస్‌డీ పద్ధతి ముచ్చటగా ఉంటుంది: డిస్క్‌లేబుల్‌లోనే 16 హెక్స్ అక్షరాల డీయూఐడీ (డిస్కు గుర్తింపు), ఎఫ్‌స్టాబ్‌లో దానికి చుక్క పెట్టి పార్టిషన్ అక్షరం, రూల్స్ గొడవే లేదు. క్లోన్ చేస్తే అదీ కాపీ అవుతుందనుకోండి. ఫ్రీబీఎస్‌డీలో జియామ్ (దాని డిస్కు వ్యవస్థ) లేబుల్స్ బాగానే ఉంటాయి, కాకపోతే అసలు డివైస్‌ను ఎవరైనా రాయడానికి తెరిస్తే దాని లేబుల్ మాయమవుతుంది, కొత్తవాళ్లు బెదిరిపోతారు. విండోస్ సీరియల్ లేని యూఎస్‌బీ కేబుల్‌ను పోర్టును బట్టి గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి పోర్టు మార్చినప్పుడల్లా కామ్ నంబర్ పెరుగుతూ పోతుంది. సీహెచ్340 అక్కడా సీహెచ్340నే.

ఫ్యాన్, ఉష్ణోగ్రత సెన్సర్ల విషయంలో యూడెవ్ తనంతట తాను ఏ స్థిరమైన లింకూ ఇవ్వదు. హెచ్‌డబ్ల్యూమాన్ అంకెను స్క్రిప్ట్‌లో రాయకుండా ప్రతి ఫోల్డర్‌లోని నేమ్ ఫైల్ చదివి, కావాల్సిన డ్రైవర్ పేరు దొరికే దాకా వెతకడమే దారి. ఒకే డ్రైవర్ రెండుసార్లు కనబడితే డివైస్ లింకు ఏ పీసీఐ చిరునామాకు పోతుందో చూడాలి.

నడుస్తున్న సిస్టమ్‌లో డిస్కులు పీకుతూ పెడుతూ ఉండే టూల్ రాసేవాళ్లకు ఒక చేర్పు: మౌంట్ అయి ఉన్న ఎస్‌డీబీని పీకి మళ్లీ పెడితే పాత పేరు ఇంకా వాడుకలో ఉంటుంది కాబట్టి అది ఎస్‌డీసీగా వస్తుంది. పేరు ఖాళీ అయ్యాక వేరే డిస్కుకు అదే దక్కొచ్చు. తెరిచింది ఇందాక చూసిన డిస్కేనా అని తేల్చుకోవడానికి లినక్స్ 5.15 నుంచి డిస్క్‌సీక్ అనే అంకె ఉంది. కొత్తగా వచ్చిన ప్రతి డిస్కుకూ ఒకటి పెరుగుతుంది, ఆ బూట్‌లో మళ్లీ ఎవరికీ ఇవ్వరు. రీబూట్ దాటి ఇది పనికిరాదు, దాచిపెట్టుకోవద్దు. ఫైల్ డిస్క్రిప్టర్ తెరిచాక దాని మీదే ఈ అంకె అడిగి, ముందు చదివినదానితో సరిపోల్చి, ఆ తర్వాతే రాయడం మొదలుపెట్టాలి.